మోదుగ మొక్క: మూడుసార్లు నాటాక రాస్తున్న రివ్యూ

ముందే చెప్పేస్తాను. మోదుగ కావాలంటే మొక్క కొనకండి, గింజ నాటండి. ఈ ఒక్క మాట నాకు మొదట్లోనే ఎవరైనా చెప్పి ఉంటే రెండేళ్ళు, రెండు మొక్కలు, బోలెడు ఆశ మిగిలేవి. చెట్టుకైతే నేను అయిదుకు అయిదు ఇస్తాను, ఇప్పుడు నర్సరీల్లో, ఆన్‌లైన్‌లో దాన్ని అమ్ముతున్న తీరుకు మాత్రం ఒకటి కంటే ఎక్కువ ఇవ్వలేను. ఎందుకో వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

మొదటిసారి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను. పేజీలో మోదుగ పూల ఫొటోనే ఉంది, పేరు ఇంగ్లీషులో ఫ్లేమ్ ఆఫ్ ది ఫారెస్ట్ అని ఉంది, నాకు అనుమానం రాలేదు. పార్శిల్ విప్పగానే చింతాకు కంటే సన్నటి ఆకులతో పక్షి ఈకలాగా విచ్చుకున్న కొమ్మ బయటపడింది. అది మోదుగ కాదు, తురాయి. రోడ్ల పక్కన మే నెలలో ఎర్రగా పూసే గుల్‌మొహర్, మడగాస్కర్ నుంచి మన దగ్గరకొచ్చిన చెట్టు. అమ్మినవాళ్ళకు ఫోన్ చేస్తే ఆ ఇంగ్లీషు పేరు రెండింటికీ వాడతారు కాబట్టి పొరపాటు తమది కాదన్నారు, వాపసు తీసుకోలేదు. రెండింటికీ వాడతారన్న మాట నిజమే. కానీ ఫొటోలో ఒకటి పెట్టి పెట్టెలో ఇంకోటి పంపడాన్ని నేనెలా ఒప్పుకోను? అందుకే ఆర్డర్ పెట్టే ముందు బ్యూటియా మోనోస్పెర్మా అనే శాస్త్రీయనామం అడగండి, ఆకు ఫొటో అడగండి. పూల ఫొటో ఎవరైనా పెట్టగలరు.

ఆకు చూస్తే ఇక పొరపాటు పడడానికి వీల్లేదు. మోదుగకు మూడే ఆకులు అని సామెతే ఉంది కదా. ఒక కాడకు మూడు ఆకులు, మధ్యది పెద్దది, గుండ్రటిది, పక్కవి రెండూ కొంచెం వంకరగా ఒకవైపు ఎక్కువ పెరిగినట్టు ఉంటాయి. ముదిరిన ఆకు చేత్తో పట్టుకుంటే మందపాటి అట్టలా బిరుసుగా ఉంటుంది, వెనక్కి తిప్పితే ఈనెలు ఉబ్బెత్తుగా, వాటి మధ్య వెండి నూగు. లేత ఆకు పూర్తిగా వేరు, దూడ చెవి పట్టుకున్నట్టు మెత్తగా ఉంటుంది. బాడిదకూ మూడాకులే, ఎర్ర పూలే, చాలామంది దాన్ని చూసి మోదుగ అనుకుంటారు, కానీ దాని కొమ్మలకు ముళ్ళుంటాయి. మోదుగకు ముల్లు ఉండదు. ఇంకా తీగ మోదుగ అని ఒకటుంది, పూలూ ఆకులూ అచ్చం ఇలాగే ఉంటాయి కానీ అది చెట్టు కాదు, ఇంకో చెట్టు మీదికి పాకే పెద్ద తీగ. గింజలు ఎవరైనా ఇస్తుంటే అవి చెట్టువా తీగవా అని ఒక మాట అడగడం మంచిది.

రెండోసారి నేనే నర్సరీకి వెళ్ళి, ఆకులు చూసి, అసలైన మోదుగనే తెచ్చాను. మోకాలెత్తు మొక్క, నల్ల కవర్‌లో, చూడ్డానికి ఆరోగ్యంగా ఉంది. "ఎన్నాళ్ళ మొక్కండీ?" అని అడిగితే "ఏడాది దాటింది సార్, గట్టి మొక్క, ఎక్కడ పెట్టినా బతుకుద్ది" అన్నాడు. గుంత తవ్వి, పశువుల ఎరువు వేసి, చుట్టూ పాదు కట్టి శ్రద్ధగానే నాటాను. రెండు నెలలు అలాగే నిలబడింది, తర్వాత ఒక్కో ఆకు రాల్చడం మొదలుపెట్టింది, ఎండాకాలం వచ్చేసరికి పుల్ల మిగిలింది. పీకి చూస్తే అసలు సంగతి తెలిసింది. తల్లివేరు కవర్ అడుగుకు తగిలి చుట్టలు చుట్టుకుపోయి ఉంది, పందెం బొంగరానికి చుట్టిన తాడులాగా. నేలలో పెట్టాక కూడా అది ఆ చుట్టలోనే ఉండిపోయింది, ఒక్క వేరు కూడా కిందికి దిగలేదు. నర్సరీ అతను అబద్ధం చెప్పాడని నేననను, అతనికి మొక్క పైభాగమే కనిపిస్తుంది. కానీ ఏడాది దాటిన మొక్క అని గొప్పగా చెప్పిందే మోదుగ విషయంలో అసలు లోపం.

ఇది ఎందుకంటే మోదుగ మొదట పెరిగేది కిందికి. పైన రెండు మూడు ఆకులతో ఏమీ పెరగనట్టు కనిపిస్తుంది, ఆ టైమంతా తల్లివేరు నేలలోకి దిగుతూ ఉంటుంది. రాళ్ళలో, చవుడు నేలలో, నల్లరేగడిలో, వానాకాలం నీళ్ళు నిలిచే పల్లంలో కూడా ఈ చెట్టు నిలబడుతుందంటే ఆ వేరు బలమే. అలాంటి వేరును ఒక చిన్న కవర్‌లో ఏడాదిపాటు బంధిస్తే ఇక మిగిలేదేముంది. తప్పక మొక్కే కొనాల్సి వస్తే ఆ సీజన్లో మొలిచిన చిన్న మొక్కను, పొడవాటి కవర్‌లో ఉన్నదాన్ని తీసుకోండి. కవర్ అడుగు నుంచి వేరు బయటికి పొడుచుకొచ్చి ఉంటే మాత్రం వద్దు.

మూడోసారి గింజ. మోదుగ కాయ చూడని వాళ్ళకోసం చెబుతున్నాను, అది చిక్కుడుకాయలా వరుసగా గింజలున్న కాయ కాదు. జానెడు లోపు పొడవుతో పల్చగా, ఎండాక కాగితంలా తేలికగా ఉంటుంది, దాని కొసన ఒకే ఒక్క గింజ. మోనోస్పెర్మా అంటే అర్థం కూడా అదే, ఒంటి గింజ అని. మిగిలిన కాయంతా గాలికి ఎగరడానికి రెక్క. మే, జూన్ నెలల్లో చెట్టు కింద రాలి ఉంటాయి, గాలి గట్టిగా వీస్తే దూరం దాకా పోతాయి. గింజ రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దది, బల్లపరుపుగా, ముదురు ఎరుపు కలిసిన గోధుమ రంగులో మూత్రపిండం ఆకారంలో ఉంటుంది. ఏరేటప్పుడు ఒక్కటి జాగ్రత్తగా చూడాలి. చాలా గింజల్ని పురుగు తొలిచేస్తుంది, సూదిమొనంత రంధ్రం ఉన్నా అది పనికిరాదు. నేను ఇరవై దాకా ఏరితే ఏడెనిమిది పురుగు తిన్నవే. నిరుటి గింజలు కూడా వద్దు, ఏడాది గడిచేసరికి మొలిచే శక్తి బాగా తగ్గిపోతుంది. దీనికి యాసిడ్లు, వేడినీళ్ళు, గరుకు కాగితంతో గీకడాలు ఏమీ అక్కర్లేదు, తాజా గింజ అయితే తడి తగలగానే మొలుస్తుంది. నేను ఒక రాత్రి నానబెట్టాను, అది కూడా నా తృప్తికోసమే.

తొలకరి పడ్డాక పొలం గట్టున ఆరు గుంతలు తీసి, మట్టి గుల్ల చేసి, ఒక్కో గుంతలో రెండేసి గింజలు ఒక అంగుళం లోతున పెట్టాను. పన్నెండో రోజున మొదటి మొలక కనిపించింది. ఆరు గుంతల్లో అయిదింట్లో వచ్చాయి, రెండూ మొలిచిన చోట బలమైనది ఉంచి రెండోది తీసేశాను. మొదటి ఏడాది చేసిన పనల్లా గడ్డి కమ్మకుండా చూడడం, వానలు ఆగిపోయాక వారానికోసారి నీళ్ళు పోయడం. రెండో ఎండాకాలంలో నీళ్ళు కూడా పోయలేదు, అయినా ఆగాయి. మేకలు ఆ గట్టు మీదే తిరుగుతాయి, పక్కనున్న సుబాబుల్‌ను మొదలంటా కొరికేశాయి కానీ మోదుగ జోలికి పెద్దగా పోలేదు. కంచె లేకుండా పెరిగే చెట్టు కావాలనుకునే రైతుకు ఇంతకన్నా ఏం కావాలి? పైగా ఇది చిక్కుడు కుటుంబం చెట్టు, వేరు బుడిపెల ద్వారా నేలకు నత్రజని చేరుస్తుంది. పాడుబడ్డ, ఉప్పు తేలిన భూముల్ని మళ్ళీ పచ్చగా చేయడానికి దీన్ని పెంచుతారంటే ఇందుకే.

ఇప్పుడు ఆరో ఏడు నడుస్తోంది. మొక్క నా భుజం దాటింది, అంతే. ఇంకా పూయలేదు. ఈ విషయం దాచిపెట్టి రివ్యూ రాస్తే మోసం చేసినట్టే. తురాయిలా త్వరగా నీడ, పూలు కావాలంటే మోదుగ మీకోసం కాదు. దీని పెరుగుదల నిదానం, మాను నిటారుగా పోదు, వంకరలు తిరుగుతుంది, పెద్దదైనా పది పన్నెండు మీటర్ల చెట్టే, బాగా పెరిగితే పదిహేను. చిన్న పెరట్లో పెట్టొద్దు. చలికాలంలో ఆకంతా రాలుస్తుంది, ఆ ఆకులేమో వేపాకుల్లా కొట్టుకుపోయేవి కాదు, ఒక్కొక్కటీ చెయ్యంత ఉంటుంది, ఇంటి ముందు ఊడ్చేవాళ్ళ కష్టం ఆలోచించండి. ఫిబ్రవరి, మార్చిలో ఎండ ముదిరేటప్పుడు దీని కింద నీడే ఉండదు. పెద్దయ్యాక వేళ్ళ నుంచి పిలకలు వేస్తుంది, కొట్టేసినా మొద్దు నుంచి మళ్ళీ చిగురిస్తుంది, కాబట్టి గోడ పక్కన, పైపుల పక్కన అసలే వద్దు. కుండీలో అయితే ఆ ఆలోచనే మానుకోండి. గట్టు, చెరువు కట్ట, ఊరి బీడు, బడి వెనక ఖాళీ స్థలం, ఇవే దీనికి సరైన చోట్లు.

ఇంత నిదానం చెట్టు ఎందుకంటారా? ఫిబ్రవరి చివర్లో ఆదిలాబాద్ వైపో, నల్లమల వైపో ఒకసారి బస్సులో వెళ్ళండి. చుట్టూ అడవంతా ఎండిపోయి బూడిదరంగులో ఉంటుంది, మధ్యమధ్యలో ఆకన్నది లేకుండా కొమ్మకొమ్మకూ నిప్పంటుకున్నట్టు మోదుగలు. దూరం నుంచి అందరూ చూస్తారు, ఫొటో తీస్తారు. నేను చెప్పేది కిందికి దిగి ఒక్క పువ్వును చేతిలోకి తీసుకుని చూడమని. తొడిమె దగ్గరి గిన్నె దాదాపు నలుపు, వేలితో రాస్తే మఖ్మల్. అందులోంచి రెండంగుళాల నారింజ రంగు రేకులు, అయిదు. ఒకటి వెనక్కి వంగి ఉంటుంది, రెండు చిన్నవి పక్కల, కింది రెండూ కలిసిపోయి కొడవలిలా వంగి అచ్చం చిలక ముక్కు. సంస్కృతంలో కింశుకం అన్నారు, ఇది చిలకేనా అని అడిగినట్టు. రేకు బయటి వైపు సన్నటి వెండి నూగు ఉంటుంది, అందుకే ఎండ పక్క నుంచి పడితే పువ్వు మెరుస్తుంది, అదే పువ్వును నీడలో పెడితే ఆ మెరుపు పోతుంది.

వాసన ఉండదు. చదువు లేనివాడు వాసన లేని కింశుకంలాంటివాడని పాతకాలం నుంచి ఈ పువ్వును చిన్నచూపు చూశారు, నాకు ఆ పోలిక ఎప్పుడూ నచ్చదు. మోదుగ పిలిచేది మనల్ని కాదు, పిట్టల్ని. పిట్ట రంగు చూసి వస్తుంది, దానికి వాసనతో పనిలేదు. పొద్దున ఏడు గంటలకు పూసిన చెట్టు కింద పావుగంట నిలబడితే తేనెపిట్టలు, గోరువంకలు, చిలుకలు, వాటి మధ్యలో ఉడతలు, ఒకటే గోల. ఉడత పువ్వును రెండు చేతులతో పట్టుకుని తేనె తాగుతుంటే దాని మూతికి పసుపు పుప్పొడి అంటుకోవడం నేను చూశాను. తక్కిన చెట్లన్నీ మోడువారిన కాలంలో ఇన్ని ప్రాణాలకు తిండి పెట్టే చెట్టు ఇది.

రంగు గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఈ మధ్య మోదుగ పూల పొడి అని ప్యాకెట్లు బాగా వస్తున్నాయి. నేను కొన్న ఒక ప్యాకెట్‌ను చన్నీళ్ళలో చిటికెడు వేస్తే క్షణంలో నీళ్ళు గాజుసీసా మందులా ముదురు నారింజ రంగులోకి మారాయి. అసలు మోదుగ పొడి అలా చేయదు. దానికి వేడి కావాలి, టైమ్ కావాలి, వచ్చేది కూడా మెత్తటి పసుపు. పొడి కొనే బదులు ఎండు పూలు కొనండి, పూలయితే కంటికి కనిపిస్తాయి కదా. చెట్టు దగ్గర్లో ఉంటే రాలిన పూలే ఏరుకోండి, కొమ్మలు విరవకండి. తెలంగాణలో కాముని పున్నమికి పూలను ముందురోజు రాత్రి ఉడకబెట్టి తెల్లారి చల్లుకునేవాళ్ళం, చర్మానికి మంట లేదు, కళ్ళకు భయం లేదు.

గుడ్డకు అద్దాలంటే ఇంకాస్త పని. పాత తెల్ల నూలు దుప్పటా ఒకటి తీసుకుని దాని బరువుకు సమానంగా ఎండు పూలు పెద్ద గిన్నెలో వేసి అరగంట ఉడికించాను. మొదట నీళ్ళు టీ రంగులో ఉంటాయి, ఇల్లంతా ఉడికిన గడ్డి వాసన వస్తుంది, తర్వాత పసుపు తేలుతుంది. వడగట్టి గుడ్డ ముంచితే పట్టింది కానీ ఒక్క ఉతుక్కి సగం పోయింది. రెండోసారి గుడ్డను ముందు కరక్కాయ నీళ్ళలో, తర్వాత పటిక నీళ్ళలో నానబెట్టి అప్పుడు ముంచాను. తేడా కళ్ళకు కనిపించింది, కనకాంబరానికీ బంతికీ మధ్య ఉండే పసుపు. కరక్కాయలోని ఒగరు నూలును పట్టుకుంటుంది, పటిక ఆ ఒగరునూ రంగునూ కలిపి పట్టుకుంటుంది. కలంకారీ గుడ్డకు మొట్టమొదట కరక్కాయ పట్టించేది కూడా ఊరికే కాదు. మిగిలిన రంగు నీళ్ళలో చిటికెడు బట్టల సోడా వేస్తే పసుపు చూస్తూండగానే నారింజ అయిపోయింది, పిల్లలకు చూపించాల్సిన వింత అది. అయితే ఈ రంగు ఎండకు నిలవదు. దండెం మీద ఎర్రటి ఎండలో ఆరేస్తే రెండు నెలల్లో వెలిసిపోతుంది. నీడలో ఆరేసుకోగలిగినవాళ్ళే అద్దుకోండి, ఇది అమ్మేవాళ్ళు చెప్పరు.

విస్తరాకుల సంగతి మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఆకు మరీ లేతది అయితే వడిలిపోతుంది, ముదురు అయితే విరిగిపోతుంది, మధ్యస్థం ఆకు కోసి కట్టలు కట్టి బరువు పెట్టి చదును చేయాలి. తర్వాత ఒక ఆకు మధ్యలో పెట్టి చుట్టూ ఆకు మీద ఆకు వేస్తూ సన్నటి పుల్లతో గుచ్చి తుంచడం. నేను మొదటిసారి కుట్టినప్పుడు "ఈనె మీద గుచ్చకురా, చిరుగుద్ది, ఈనె పక్కన గుచ్చు" అని నా చేయి పట్టుకుని చూపించింది. వేడి అన్నం పడగానే ఆ ఆకు నుంచి వచ్చే పచ్చి వాసన ఒకటుంది, ఏ పళ్ళెంలోనూ రాదు. ఇప్పుడు ఫంక్షన్లలో వేస్తున్న చాలా విస్తళ్ళు పైన ఆకుపచ్చ ఆకు బొమ్మ అచ్చేసిన కాగితం, దాని మీద ప్లాస్టిక్ పొర. ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఒక విస్తరి అంచు చింపి చూడండి. ఆకు అయితే ఈనె వెంబడి చిరుగుతుంది, ప్లాస్టిక్ పొర అయితే సాగుతుంది.

ఇంకా ఉపయోగాలు చాలానే ఉన్నాయి, గబగబా చెప్పేస్తాను. లక్క పురుగును పెంచే ముఖ్యమైన చెట్లలో రేగుతో పాటు ఇదీ ఒకటి. లక్క ఎక్కువగా వచ్చే జార్ఖండ్‌కు ఇదే రాష్ట్ర పుష్పం, 1924లో మొదలైన లక్క పరిశోధన సంస్థ రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లోనే ఉంది. మానుకు గాటు పెడితే ఎర్రటి బంక కారుతుంది, ఆరాక కెంపు ముక్కల్లా పెళుసుగా ఉంటుంది, బాగా ఒగరు. వేరు నారతో తాళ్ళు పేనుతారు. కలప మెత్తన, సామానుకు పనికిరాదు కానీ నీళ్ళలో బాగా ఆగుతుంది, అందుకే పూర్వం బావుల పనికి వాడేవారు. సంస్కృతంలో పలాశ అన్నా మోదుగే, ఉపనయనంలో వటువు చేతికిచ్చే దండం పలాశదే, నవగ్రహ హోమంలో చంద్రుడి సమిధ కూడా ఇదే. 1757 యుద్ధం జరిగిన ప్లాసీ ఊరి పేరు పలాశీ, ఈ చెట్టు పేరు మీద వచ్చిందే.

గింజల్ని కడుపులో పురుగులకు మందుగా ఆయుర్వేదంలో వాడతారు. అది వైద్యుడు మోతాదు చూసి ఇవ్వాల్సిన మందు, వీడియో చూసి గింజలు నూరి పిల్లలకు తాగించకండి. ఈ విషయంలో నేను చాలా గట్టిగా చెబుతున్నాను.

ఇంకో ముఖ్యమైన హెచ్చరిక. తెల్ల మోదుగ అని మొక్కల్ని ఎన్నో రెట్లు ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. తెల్ల పూలు పూసే మోదుగ, పసుపు పూలు పూసే మోదుగ నిజంగానే ఉన్నాయి, చాలా అరుదు. కానీ పూత రాని మొక్కను, ఆకులు మాత్రమే చూసి, ఇది తెల్లదని ఎవరూ తేల్చలేరు. పూసేదాకా ఏళ్ళు పడుతుంది, అప్పటికి అమ్మినవాడు ఎక్కడుంటాడు? అదృష్టం కలిసొస్తుందన్న మాట నమ్మి డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు నాకు తెలిసే ఇద్దరున్నారు. అరుదైన తెల్ల మోదుగలు కనిపించిన చోట వేళ్ళు తవ్వి, బెరడు ఒలిచి చంపేస్తున్నది కూడా ఈ నమ్మకమే, దాన్ని తలుచుకుంటే బాధేస్తుంది. కొనేవాళ్ళు ఆగితే అమ్మేవాళ్ళూ ఆగుతారు.

ఎవరైనా ఈ ఏడు వేద్దామనుకుంటే గింజల కోసం మే చివరి వారంలో వెళ్ళండి, ఆలస్యమైతే పురుగు ముందు చేరుతుంది. నేను మొన్న మరో పదిహేను తెచ్చి, రంధ్రాలు లేనివి పదకొండు వేరుచేసి గుడ్డ సంచిలో పెట్టాను. గట్టున గుంతలు తవ్వి ఉన్నాయి. వాన కోసం చూస్తున్నాను.